చిల్లులకు లక్ష

ధరల పెరుగుదల మీద, నిరుద్యోగం మీద, నీటి ఎద్దడి మీద రాసేవాళ్ళకు మన దగ్గర కొదవ లేదు. ఇంట్లో పాటలు వినడానికి ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ ఎలా ఎంచుకోవాలో బాధ్యతగా చెప్పేవాళ్ళు మాత్రం కనబడరు. లక్ష రూపాయలు పోసి హెడ్‌ఫోన్స్ కొనబోయే మధ్యతరగతి గృహస్థుకు ఈ సమాజం ఇన్నాళ్ళూ ఇచ్చిన సలహా ఒక్కటే: "నీకేమైనా పిచ్చా?" సలహా మంచిదే కానీ, సాంకేతిక వివరాలు తక్కువ. ఆ లోటు తీర్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు వస్తువేమిటో తెలియాలి. మామూలు హెడ్‌ఫోన్స్‌లో చెవిని కప్పే గిన్నె వెనకవైపు మూసి ఉంటుంది. లోపల ఊగే పల్చటి పొర చెవివైపు ఎంత శబ్దం పంపుతుందో వెనక్కీ అంతే పంపుతుంది. వెనక్కి వెళ్ళింది గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. దాంతో చాలావాటిలో బేస్ ఉబ్బుతుంది, గొంతు మూసుకుపోయినట్టు ఉంటుంది. ఓపెన్ బ్యాక్‌లో ఆ గోడ తీసేసి జాలీ పెడతారు. వెనక శబ్దం హాయిగా బయటికి పోతుంది, పాట తలకు చుట్టూ కాస్త ఎడంగా జరుగుతున్నట్టు తోస్తుంది. జర్మనీకి చెందిన సెన్‌హైజర్ 1968లో పసుపురంగు స్పాంజి ప్యాడ్లు తొడిగిన హెచ్‌డీ 414తో ఈ పద్ధతిని ఇళ్ళలోకి తెచ్చింది. సూత్రం ఇప్పటికీ అదే. చిల్లుల రేటే పెరిగింది.

ఈ సూత్రాన్ని ఇంట్లో పెద్దవాళ్ళకు ఎక్కించడం అంత తేలిక కాదు. డబ్బా విప్పగానే అమ్మ దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి అటూ ఇటూ తిప్పి చూస్తుంది. "ఒరేయ్, వెనకాలంతా చిల్లులే కదరా. ఎవడో పాడైన సరుకు అంటగట్టాడు. రేపే వాపసు ఇచ్చేసి రా." చిల్లులు కావాలనే పెట్టారని, డబ్బులు తీసుకుంది ముఖ్యంగా వాటికేనని మీరు వివరిస్తారు. అప్పుడు ఆవిడ చూసే చూపులో మీ ఇంజనీరింగ్ ఫీజుల రసీదులన్నీ కనిపిస్తాయి. వాదించకండి. వస్తువును నేరుగా పరీక్షించి చెప్పిన మాట కాబట్టి, చాలా రివ్యూల కంటే దానికే విలువెక్కువ.

ఎందుకంటే శబ్దం బయటికి పోయే దారినే లోపలికీ వస్తుంది. రివ్యూ చెప్పే ప్రతివాడూ ఈ సంగతి మొదట్లోనే చెబుతాడు. మనం అప్పటికింకా హెడ్‌బ్యాండ్ మీద కుట్టుపని చూస్తూ ఉంటాం.

బయటికి పోయే దాంట్లో గదిలో మిగతావాళ్ళ చెవిన పడేది ఎక్కువగా పైస్థాయి శబ్దం. మీరు కళ్ళు మూసుకుని గొంతులోని గమకం దగ్గర ఆగిపోయి ఉంటారు. సోఫాకు అవతల వినిపించేది తాళాల చిటపట మాత్రమే. "ఏమండీ, స్టవ్ మీద ఏమైనా పెట్టి మర్చిపోయారా? ఏదో చిటపటమంటోంది." స్టవ్ దగ్గరికి వెళ్ళి వచ్చాక అసలు ప్రశ్న పడుతుంది. "అవి చెవులకు పెట్టుకునేది మాకు వినపడకూడదనే కదా. మరి మాకెందుకు వినపడుతోంది?" ఈ ప్రశ్నకు జవాబు ఏ స్పెసిఫికేషన్ షీటులోనూ లేదు.

లోపలికి వచ్చే శబ్దం గురించి అభిమానులు నోరెత్తరు. నాకైతే అసలు లాభమంతా అక్కడే కనిపిస్తుంది. హైదరాబాదులో ఒక మామూలు అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, ఆదివారం పొద్దున అనుకోండి. చెత్త బండి మైకు పాట పెట్టుకుని వస్తుంది. దాని వెనకే ఉల్లిగడ్డల ఆటో, రికార్డు చేసిన గొంతుతో, రేటు మారినా రికార్డు మారకుండా. పై ఇంట్లో కుర్చీలు జరుపుతారు. ఎవరో మిక్సీలో కొబ్బరి వేస్తారు. వీటన్నిటినీ మంచి ఓపెన్ బ్యాక్ ఒక్కటి కూడా వదలకుండా, దిక్కు దూరంతో సహా వినిపిస్తుంది. మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటూ మీరు పట్టించుకోని కుళాయి చుక్క కూడా కుడివైపు, కొంచెం వెనగ్గా, స్పష్టంగా తెలుస్తుంది.

కుక్కర్ సంగతి వేరే చెప్పాలి. మన ఇళ్ళలో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న మనిషికి ఎవరూ ఏ పనీ చెప్పరన్నది భ్రమ. "ఊరికే కూర్చునే ఉన్నారుగా, విజిల్స్ లెక్కపెట్టండి. నాలుగు రాగానే కట్టేయండి" అని ఇల్లాలు స్నానానికి వెళ్ళిపోతుంది. చుట్టూ శబ్దాన్ని మింగేసే నాయిస్ క్యాన్సిలింగ్ రకం పెట్టుకున్నవాడు ఇక్కడ దొరికిపోతాడు. పప్పు జావవుతుంది, కాపురంలో టెన్షన్ మొదలవుతుంది. ఓపెన్ బ్యాక్ పెట్టుకున్నవాడు ఆలాపన మధ్యలోనే మూడో విజిల్‌ను గుర్తుపట్టి, చరణం మొదలయ్యేలోపు వంటింట్లో ఉంటాడు. కాపురాలను ఇంతగా నిలబెట్టే వస్తువును కంపెనీలు సౌండ్‌స్టేజ్ (పాట పరుచుకున్నట్టు తోచే చోటు), ఇమేజింగ్ (ఏ వాద్యం ఎక్కడుందో తెలియడం) అంటూ అమ్ముకోవడం వాళ్ళ అజ్ఞానం.

ఇక ఫ్యాన్. ఇక్కడ కాస్త లెక్క తప్పదు. హాలు నడినెత్తిన పూర్తి వేగంతో తిరిగే పాత సీలింగ్ ఫ్యాన్ యాభై డెసిబెల్స్‌కు అటూఇటూగా మోగుతుంది. మీరు పాట వినేది డెబ్బై ఐదు దగ్గర. మిగిలింది ఇరవై ఐదు. ఫ్యాన్ కంటే మెల్లగా ఉన్నదంతా, అంటే వయొలిన్ ఆగిన తర్వాతి గాలీ, తంబురా చివరి తరుగుదలా, మీరు లక్ష పోసింది వేటికోసమో అవన్నీ, ఫ్యాన్ రెక్కల కిందికి పోతాయి. మెల్లటి శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య తేడాను డైనమిక్ రేంజ్ అంటారు, మనం చిన్నప్పుడు పెన్సిల్ పెట్టి తిప్పిన క్యాసెట్టుకే అందులో యాభై డెసిబెల్స్ దాకా సత్తా ఉండేది. ఆ ఫ్యాన్ కింద కూర్చున్న పెద్దమనిషి ఇప్పుడు నూట ఇరవై డెసిబెల్స్ నిశ్శబ్దం హామీ ఇచ్చే డాక్ (డిజిటల్ ఫైలును శబ్ద సంకేతంగా మార్చే పెట్టె) కొనాలా, నూట పాతికది కొనాలా అని రాత్రంతా నిద్రపోడు.

దీనికి మందు ఉంది. పాత రెగ్యులేటర్‌తో కూనిరాగం తీసే ఫ్యాన్ తీసేసి మూడు నాలుగు వేలు పెట్టి కొత్తరకం మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ బిగించుకోవచ్చు. ఆ గొణుగుడు పోతుంది, కరెంటూ సగం కంటే తక్కువే తాగుతుంది. ఇరవై వేల వెండి పూత కేబుల్ కంటే పాటకు ఇదే మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం. అయితే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫ్యాన్ వేయించుకున్నానని చెప్పుకుంటే ఆడియో మిత్రుల్లో పరువు ఉండదు. కేబుల్ మార్చానని చెప్పి ఫ్యాన్ మార్చుకోండి.

మోడళ్ళ విషయానికి వద్దాం. 1997 నాటి సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఇప్పటికీ అమ్ముడవుతోంది. పాతికేళ్ళు దాటినా గొంతులను అంత సహజంగా వినిపించేవి తక్కువ. ప్యాడ్లు, కేబుల్, హెడ్‌బ్యాండ్ దిండు అరిగితే విడిగా కొని మార్చుకోవచ్చు. బుద్ధిమంతుడు ఇక్కడ ఆగిపోతాడు. ఆగనివాళ్ళ కోసం 2009లో హెచ్‌డీ 800 వచ్చింది, ఆ తర్వాత దాని ఎస్ రకం వచ్చింది, లక్ష దాటేది అక్కడే. ఫోకాల్ అనే ఫ్రెంచి కంపెనీ యుటోపియా మోడల్లో బెరీలియం లోహపు పొర పెట్టి ధరను ఇంకా పైకి తీసుకెళ్ళింది. ప్లానార్ రకాలంటారు, అయస్కాంతాల మధ్య పరుచుకున్న పొర, లోతైన బేస్ బాగా పలుకుతుంది. వాటిలో కొన్ని అరకిలో పైనే తూగుతాయి కాబట్టి కచేరీ అయ్యాక మెడకు జండూబామ్ రాసుకోవాలి.

చిట్టచివర సెన్‌హైజర్ హెచ్ఈ 1 ఉంది. ఆంప్లిఫయర్ పెట్టె కర్రారా పాలరాయితో చెక్కారు. స్విచ్ నొక్కితే లోపలినుంచి వాల్వులు పైకి లేస్తాయి. మొదట చెప్పిన ధర సుమారు యాభై వేల యూరోలు, మన లెక్కలో నలభై లక్షల పైమాటే. ఆ డబ్బుకు ఊరవతల ప్లాట్ వస్తుంది కదా అని బంధువులు అనకుండా ఉండరు. అంటే, అక్కడ నిశ్శబ్దం కూడా ఉచితంగా వస్తుందని మీరే ముందు ఒప్పుకోండి.

ఆంప్ గురించి రెండు ముక్కలు. హెచ్‌డీ 600 మూడు వందల ఓమ్‌ల నిరోధం ఉన్న సరుకు, నడపడానికి ఆంప్లిఫయర్ ఉంటే మంచిది. కొన్ని ప్లానార్లు మరీ మొండివి, హైఫైమ్యాన్ కంపెనీ సుస్వర అనే హెడ్‌ఫోన్స్‌కు స్పీకర్లను నడిపే ఆంప్‌లు తగిలించేవాళ్ళున్నారు. పేరు చూస్తే మన సంగీత పాఠశాలలో పుట్టినట్టుంది, కానీ కరెంటు పోస్తే తప్ప స్వరం బయటికి రాదు.

ఇంత కొన్నాక వినేదేమిటన్నది చిన్న ప్రశ్న, సాధారణంగా చివర్లో అడుగుతాం. మన నడివయసు తెలుగు శ్రోత ప్రాణంగా చూసుకునే పాటల్లో సగం 1950ల్లో, 60ల్లో రికార్డయినవి. గాయకుడూ వాద్యబృందమూ ఒకే గదిలో, ఒకట్రెండు మైకుల ముందు, అంతా మోనో. రెండు చెవులకూ ఒకే శబ్దం వెళితే అది నెత్తిలో సరిగ్గా నడుమ కూర్చుంటుంది. అంటే ప్రపంచంలోకెల్లా విశాలమైన సౌండ్‌స్టేజ్ అద్దెకు తీసుకుని, దాని మధ్యలో ఘంటసాలను ఒంటరిగా స్టూలు మీద కూర్చోబెట్టినట్టు. చుట్టూ ఎకరాల కొద్దీ ఖాళీ. ఆ ఖాళీలోనే సూది గీసిన గరగర, మాస్టర్ టేపు బుసబుస, ఎవరో దగ్గబోయి ఆపుకున్న చప్పుడు వినిపిస్తాయి. మన తాతలు రేడియోలో ఆ పాట ఒక్కటే విన్నారు. మనకు దగ్గు కూడా దక్కింది. కొందరు ఈ పాటలకు ప్రతిధ్వని కలిపి స్టీరియో అని అమ్ముతుంటారు. వాళ్ళ జోలికి మాత్రం పోవద్దు, ఈ మాట నవ్వులాటకు చెప్పడం లేదు.

హై రెజల్యూషన్ ఫైళ్ళ వ్యవహారం కూడా ఇలాంటిదే. సీడీలో సెకనుకు 44,100 నమూనాలుంటాయి, ఇరవై వేల హెర్ట్జ్ దాకా మనిషి చెవికి కావలసినదంతా అందులో పడుతుంది. 192 కిలోహెర్ట్జ్ ఫైలు అంతకు పైదీ మోసుకొస్తుంది. దాన్ని వినగల జీవి మన ఇంట్లో ఉంటే అది పెంపుడు కుక్క. మనకా, నలభై దాటేసరికి పదిహేను వేల పైన అనుమానమే. పూర్తి ట్రెబుల్ వినపడే వయసులో జేబులో డబ్బుండదు. డబ్బు చేతికొచ్చి, ఇంటి లోను సగం తీరి, పిల్లలు హాస్టల్‌కు వెళ్ళి, ఇప్పుడైనా కొనుక్కుందామనుకునేసరికి పైస్థాయి స్వరాలు ముందే రిటైరై ఉంటాయి. ఈ విషయంలో ప్రభుత్వం జోక్యం చేసుకుని డిగ్రీ విద్యార్థులకు సబ్సిడీ ఇవ్వాలి.

నిర్వహణలో మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. ఈ ప్యాడ్లు చాలావాటికి మెత్తటి ముఖమల్ గుడ్డ ఉంటుంది. జర్మనీలో దాన్ని రూపొందించినవాడికి కొబ్బరినూనె రాసి దువ్విన తల సంగతి తెలియదు. రెండు నెలల్లో గుడ్డ నూనె పీల్చి, అట్టకట్టి, శబ్దమే మారిపోతుంది. దీన్ని బర్న్ ఇన్, అంటే వాడేకొద్దీ శబ్దం మెరుగుపడటం, అని మురిసిపోయేవాళ్ళున్నారు. తలంటుకున్న రోజు వినండి, నూనె పెట్టిన రోజు స్పీకర్లకు కేటాయించండి.

కొనడం దగ్గర పాత పద్ధతే, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తోడల్లుడి సూట్‌కేసు. ఇలా వచ్చినవాటికి ఇక్కడ వారంటీ చెల్లకపోవచ్చని తెలిసీ తెప్పిస్తాం. డబ్బా మాత్రం దిండంత ఉంటుంది, దానికోసం ఆయన రెండు చీరలు, బాదంపప్పు అక్కడే వదిలేసి వస్తాడు. "ఈ చిల్లుల డబ్బా కోసమా మా చీరలు ఆగిపోయాయి?" అన్న మాట ఆయన భార్య నోట వినిపించినప్పుడు దాని డైనమిక్ రేంజ్ గమనించండి. తిరుగు ప్రయాణంలో ఆయనకు పది కిలోల ఆవకాయ కట్టివ్వడం కనీస మర్యాద.

చివరిగా బిల్డర్లకు విన్నపం. బ్రోషర్లలో క్లబ్ హౌస్, ఈతకొలను, జాగింగ్ ట్రాక్ అని రాస్తున్నారు. రాత్రి పదికి హాల్లో ఎన్ని డెసిబెల్స్ ఉంటాయో కూడా స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు చేసి అచ్చు వేయించాలి. సొంతిల్లు కట్టుకునేవాళ్ళు అప్పుడే వాకబు మొదలుపెట్టారు, హెడ్‌ఫోన్స్ కుర్చీ ఈశాన్యంలో వేసుకుంటే బేస్ పెరుగుతుందా అని. తప్పకుండా పెరుగుతుంది. వాస్తు ప్రకారం బోరు మోటారు బిగించేది ఆ మూలే.