కట్టుకు కాటా ఏదీ?

పెద్దపల్లి చుట్టుపక్కల బట్టీల్లో నింపుకొని రాజీవ్ రహదారి ఎక్కే ఇటుక లారీ వెనక బండి నడిపినవారికి ఈ గుబులు కొత్త కాదు. పక్క డోర్ల ఎత్తు దాటి మరో మూడు నాలుగు వరుసలు పేర్చి ఉంటాయి. పైన పట్టా ఉండదు, వల ఉండదు. మహా ఉంటే అడ్డంగా ఒక నైలాన్ తాడు. స్పీడ్ బ్రేకర్ మీద లారీ ఎగిరిపడితే పై వరుస కదిలి ఎర్రటి పొడి రాలుతుంది. వెనక బైకు మీద ఉన్నవాడి కాలు బ్రేకు మీదికి పోతుంది.

ఇటుకలంటే బియ్యం బస్తాలు కావు. బస్తా మీద బిగించిన తాడు కాస్త లోపలికి దిగి పట్టు చిక్కించుకుంటుంది. ఇటుకలు దేనికదే విడి. తాడు ఆనిన నాలుగు ఇటుకలు ఆగుతాయేమో గానీ పక్కవాటికి దానితో పనే లేదు. ఆ నాలుగింట్లో ఒకదాని అంచు విరిగినా తాడు వదులైపోతుంది. ఒక్కో ఇటుక సుమారు 3 కిలోలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ నుంచి జారినది ఎదురొచ్చేవారికి తగిలితే, కనీసం 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీది నుంచి పడ్డంత దెబ్బ. జంట టైర్ల మధ్య ఇరుక్కున్న ముక్క ఇటుకదీ ఇదే కథ. అది ఎప్పుడు ఎగిరి ఎవరి అద్దానికి తగులుతుందో డ్రైవరుకూ తెలియదు.

చట్టం చేతులు ముడుచుకుని ఏమీ లేదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, ఆపై అదనపు టన్నుకు 2,000. లోడు పక్కలకు పొడుచుకొచ్చినా, అనుమతించిన ఎత్తు దాటినా 20,000. నడిపినవారికే కాదు, నడిపించినవారికీ ఇది వర్తిస్తుంది. అయినా రోడ్డు మీద తనిఖీ అంటే కాటా చీటీ చూడటంతోనే సరి. కాటాలో నెగ్గిన బండి పైవరుస ఊగుతున్నా దర్జాగా సాగిపోతుంది. ఛలానా పడినా డ్రైవరు మీదే. పేర్పించి పంపిన బట్టీ వైపు ఎవరూ చూడరు.

అమెరికా నిబంధనల్లో లెక్క సూటిగా ఉంది: సడన్ బ్రేకు వేస్తే లోడు బరువులో 80 శాతానికి సమానమైన తోపును కట్టు తట్టుకోవాలి. 3,000 ఇటుకలు 9 టన్నులనుకుంటే, 7 టన్నులు దాటిన బలం క్యాబిన్ వైపు తోసుకొస్తుందన్నమాట. మన ఒంటి తాడు అందులో ఎన్నో వంతు ఆపుతుంది? బంపరుకు నిమ్మకాయా మిరపకాయలూ దారం గుచ్చి మరీ కడుతున్నాం. వెనక లోడుకు ఆ శ్రద్ధలో సగం చాలు.

వానలో పట్టా లేకపోతే ఇంకో చిక్కు. సాధారణ మట్టి ఇటుక తన బరువులో 20 శాతం దాకా నీరు పీల్చవచ్చని మట్టి ఇటుకల భారతీయ ప్రమాణం ఐఎస్ 1077 అనుమతిస్తోంది. బట్టీ దగ్గర తూచిన బరువు ఊరు చేరేసరికి ఎక్కడుంటుందో చెప్పనక్కర్లేదు.

2025 నవంబరులో చేవెళ్ల దగ్గర కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొన్నప్పుడు ప్రయాణికులు కంకర కింద కూరుకుపోయారు. లోడును మూసి కట్టాలన్న మాట ఆ నాలుగు రోజులూ అందరి నోటా వినిపించింది. మేం అడుగుతున్నది ఆ మాట మీద నిలబడమనే. పై వరుస డోరు అంచుకు ఒక ఇటుక కిందే ఆగాలి. వల, పట్టా, వెనక డోరు గొళ్లెం చూశాకే బట్టీ వేబిల్లు ఇవ్వాలి. సర్దుకున్న లోడు మీద తాడు వదులవుతుంది కాబట్టి, కొన్ని కిలోమీటర్లు పోయాక డ్రైవరు దిగి మళ్లీ బిగించాలి. ట్రిప్పుకింత అని కూలి ముట్టే డ్రైవరుకు ఆ పది నిమిషాలు నష్టమైతే, దాన్ని భరించాల్సింది సరుకు పంపినవారే.

ఇక లోడు మీద తువాలు పరచుకుని కూర్చునే హమాలీలు. ఇటుకలు జారితే వాటితోపాటు ముందు పడేది వాళ్లే. ఎక్కుడు కూలీ, దింపుడు కూలీ ఇటుక ధరలో కలిపినట్టే, వాళ్లను వేరే బండిలో పంపే కిరాయి కూడా అందులోనే కలపాలి.