తలుపుకు లైసెన్సు ఉంది సరే, రోజులు లెక్కపెట్టేదెవరు?

హైదరాబాద్‌లో ఎవరినైనా ఆటపట్టించాలంటే 'ఎర్రగడ్డకు పంపాలి' అంటారు. చెన్నైలో స్థిరపడ్డ తెలుగువాళ్ల నోట అదే మాట 'కీల్పాక్' అవుతుంది. 1794లో మొదలైన కీల్పాక్ మానసిక ఆస్పత్రి చివరికి వెక్కిరింతకు పనికొచ్చింది. లోపల ఏం జరుగుతోందో మనకెందుకని ఊరు ఎప్పుడో అనుకుంది. చూడాల్సింది ప్రభుత్వం. అది చూస్తోంది కూడా, కానీ దేన్ని?

చెన్నై పెరంబూర్‌లో మా వీధిలో ఉండే గూడూరు పెద్దమ్మ తన కొడుకును ఊరి బయట మానసిక రోగులను ఉంచే ఒక ప్రైవేటు హోమ్‌లో చేర్చింది. నెలనెలా డబ్బు కడుతోంది. "వాణ్ణి ఎప్పుడు పంపిస్తారని అడిగితే గోడకు తగిలించిన రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తున్నారు నాయనా" అంది. నాకు ఈ వ్యాసం అక్కడే మొదలైంది.

ఆ కాగితాన్ని చులకన చేయలేం. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో మానసిక రోగుల హోమ్‌లో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. అప్పటి నుంచి పర్యవేక్షణ అంటే ముందుగా అనుమతి ఉందా లేదా అన్న ప్రశ్నే. 2018 మేలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్, మూడేళ్లకోసారి ఆడిట్, అనుమతి లేకుండా నడిపితే జరిమానా అంది. అయినా 2023లో విళుప్పురం జిల్లాలో అనుమతి లేని ఆశ్రమం ఒకటి బయటపడింది. కాబట్టి తలుపు దగ్గర కాపలా ఉండాల్సిందే.

అయితే అదే చట్టం రోజులను కూడా లెక్కగట్టింది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. తనంతట తాను నిర్ణయం తీసుకోలేని మనిషిని ఇంట్లోవాళ్లు చేరిస్తే మొదటి గడువు 30 రోజులు. చేర్చిన సంగతి ఏడు రోజుల్లో, ఆడవాళ్లూ మైనర్లూ అయితే మూడు రోజుల్లో, సమీక్షా బోర్డుకు తెలపాలి. నెల దాటితే బోర్డు ఒప్పుకోవాలి. ఆ తర్వాత 90, 120, 180 రోజులు, ప్రతిసారీ మళ్లీ బోర్డే. అందులో జిల్లా జడ్జి స్థాయి వ్యక్తి, కలెక్టర్ ప్రతినిధి, డాక్టర్లతో పాటు ఈ జబ్బును అనుభవించినవాళ్లకో, వాళ్లను చూసుకునేవాళ్లకో, స్వచ్ఛంద సంస్థలవాళ్లకో కూడా చోటుంది. అర్జీకి ఫీజు లేదు. రోగికి అర్థమయ్యే భాషలో ఇవన్నీ చెప్పాలని కూడా రాసి ఉంది. గూడూరు నుంచి వచ్చి తమిళం చదవడం రాని కుర్రాడికి ఎవరు చెప్పారు? పెద్దమ్మకైతే బోర్డు అంటే గేటు మీద పేరున్న బోర్డే.

ఈ చట్టం కింద కాకుండా హాస్టల్‌లో చేర్చినట్టు సంతకం పెట్టించుకుంటే, ఆచరణలో పై గడువులేవీ మొదలే కావు. ఆడిట్‌కు వచ్చిన అధికారి మంచాలూ మరుగుదొడ్లూ చూస్తాడు. ఫలానా మంచం మీద ఫలానా మనిషి ఎన్నాళ్లుగా ఉన్నాడన్నది కూడా అంతే గట్టిగా అడగాలి కదా.

ఇంకో చిక్కుంది. బుద్ధిమాంద్యాన్ని ఈ చట్టం మానసిక జబ్బుగా లెక్కించదు. అది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద, తమిళనాడులో అయితే వేరే శాఖ కిందకు వెళుతుంది. (ఆ శాఖ పేరులో 'మాట్రుత్తిరనాళి' అన్న మర్యాద మాట ఉంది, మన 'విభిన్న ప్రతిభావంతులు' లాగే. పిలుపులు మార్చడంలో మనవాళ్లు చురుకు.) పైగా మానసిక ఆరోగ్య లైసెన్సు ఉన్న సంస్థ వికలాంగుల చట్టం కింద మళ్లీ నమోదు కానక్కర్లేదు. మాంద్యమూ, మానసిక జబ్బూ రెండూ ఉన్న పిల్లవాడి విషయంలో ఒక శాఖ రెండో శాఖ వైపు వేలు చూపడానికి ఇంతకన్నా ఏం కావాలి? మాంద్యం మాత్రమే ఉన్నవాళ్ల హోమ్‌లో సమీక్షా బోర్డుకు పనే లేదు. వికలాంగుల చట్టం కింద ఉండే రాష్ట్ర కమిషనర్ సొంతంగా విచారణ జరపవచ్చు, సివిల్ కోర్టు అధికారాలూ ఉన్నాయి. చివరికి ఇచ్చేది మాత్రం సిఫారసు.

నన్నడిగితే కొత్త చట్టం అక్కర్లేదు. 30 రోజులు దాటినవాళ్లు ఎందరో ప్రతి హోమ్ గుమ్మం దగ్గరే రాసి పెట్టాలి, తమిళంతో పాటు అక్కడ ఉన్నవాళ్ల భాషలోనూ. ఎన్ని కేసులు చూసిందో బోర్డు నెలనెలా బయటపెట్టాలి.

మొన్న పెద్దమ్మ తెలుగులో చెబుతుంటే నేను తమిళంలో అర్జీ రాశాను. చేరిన తేదీ అడిగితే తడుముకోలేదు, "కనుమ మర్నాడు" అంది. హోమ్ ఇచ్చిన రసీదు తీసి చూశాం. అందులో నెల పేరు మాత్రమే ఉంది.