ఓక్ ట్రీ రోడ్డు మీద బుల్డోజర్

2022 ఆగస్టు 14న ఇక్కడ న్యూజెర్సీలో, ఎడిసన్ ఇండియా డే పరేడ్‌లో జెండాలు, డప్పుల నడుమ పసుప్పచ్చ బుల్డోజర్ ఒకటి వచ్చింది. దాని మీద మోదీ, యోగి ఆదిత్యనాథ్ బొమ్మలు, 'బాబా కా బుల్డోజర్' అన్న రాత. బాబా అంటే యోగి; ఆయన ఏలుబడిలో ఉత్తరప్రదేశ్‌లో నిందితుల ఇళ్ళు, ముఖ్యంగా ముస్లింలవి, కూల్చిన యంత్రం అది. నిర్వాహకులు తర్వాత ఎడిసన్, వుడ్‌బ్రిడ్జ్ మేయర్లకు క్షమాపణ లేఖలు రాశారు. మనవాళ్ళలో చాలామంది మాత్రం ఇప్పటికీ అక్రమ కట్టడాలు కూల్చే యంత్రమేగా, తప్పేముంది అంటారు.

2024 నవంబరు 13న జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ తప్పేమిటో విడమరిచింది. నిందితుడన్న కారణంతో ఇల్లు కూల్చడం చెల్లదంది. అక్రమ కట్టడమైనా సరే, నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, గోడకూ అంటించాలి, 15 రోజులు గడువివ్వాలి. నోటీసు సంగతి కలెక్టరు ఆఫీసుకు ఈమెయిల్ చేయాలి, పాత తేదీ వేసి బుకాయించకుండా. (అంతకుముందు ఏం జరిగేదో ఈ ఒక్క షరతే చెబుతుంది.) ఇంటివాళ్ళ వాదన వినాలి. కూల్చడం తప్ప దారి ఎందుకు లేదో ఉత్తర్వులో రాయాలి. అది ఇచ్చాక మరో 15 రోజులు ఆగాలి. కూల్చేదంతా వీడియో తీయాలి.

ఇది ఉత్తరాది జబ్బు అని తప్పుకోలేం. నిజమైన భారతీయుడంటే హిందువై ఉండటం చాలా ముఖ్యమన్న హిందువులు అమెరికా పరిశోధన సంస్థ ప్యూ 2019–20 సర్వేలో దేశమంతటా 64 శాతం, దక్షిణాదిన 42. తక్కువే, అయినా ఐదుగురిలో ఇద్దరు. పైగా మతం ఊసు లేకపోయినా ఆ యంత్రమంటే మనకు మోజే. 2024లో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూలుస్తుంటే ఇక్కణ్ణుంచి చప్పట్లు కొట్టిన చేతులెన్నో. చెరువులు దక్కాల్సిందే, పై తీర్పు కూడా నీటివనరుల్లోని ఆక్రమణలకు ఆ గడువులు వర్తించవంది. కానీ ఆదివారం పూట కూల్చడమేమిటని తెలంగాణ హైకోర్టు హైడ్రాను నిలదీసింది. సెలవు రోజున స్టే కోసం ఎక్కడికని పరుగెత్తుతారు?

ఇక్కడ పర్మిట్ లేకుండా డెక్ వేసుకున్నా టౌన్‌షిప్ నుంచి ముందు వచ్చేది ఉత్తరం. ఆ ఉత్తరాన్ని మనకు దక్కాల్సిన మర్యాదగానే లెక్కేసుకుంటాం. అక్కడ మన ఊళ్ళో మరొకరికి అది అక్కర్లేదని ఎలా అనగలం?

రాములవారి పల్లకీ రానివ్వండి, బతుకమ్మ రానివ్వండి, కోలాటం రానివ్వండి. కానీ పరేడ్‌కు మన సంఘం పేరిచ్చే ముందు రెండు షరతులు రాయించమని కార్యవర్గానికి విన్నపం: ప్రతి శకటం నమూనా, దాని మీది రాతలు ముందుగా కమిటీ చూడాలి, పదవిలో ఉన్న నాయకుల బొమ్మలు, ఏ పార్టీవైనా, ఉండకూడదు.