డార్విన్ ఇంట్లోనే సాగిన సంఘర్షణ
డార్విన్ పరిణామ సిద్ధాంతంపై 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో బిషప్ విల్బర్‌ఫోర్స్‌కూ, ఆ సిద్ధాంతాన్ని సమర్థించిన శాస్త్రవేత్త హక్స్‌లీకీ జరిగిన వాదం ఒక్కదాన్నే ఆధారం చేసుకుని, విక్టోరియా కాలంలో విజ్ఞానశాస్త్రమూ చర్చీ బద్ధశత్రువులని డార్విన్‌పై వచ్చిన వ్యాసంలో రచయిత తేల్చేయడం నాకు సమంజసంగా తోచలేదు. ఆంగ్లికన్ మతాచార్యుడైన చార్లెస్ కింగ్‌స్లీ 1859లోనే డార్విన్ గ్రంథం ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ను మెచ్చుకుంటూ ఉత్తరం రాయగా, ఆ మాటలను డార్విన్ రెండో ముద్రణలో చేర్చుకున్నారు. అసలు సంఘర్షణ డార్విన్ ఇంట్లోనే, ఎంతో మమకారం మధ్య సాగింది. పెళ్లయిన కొత్తలో, భర్త మతవిశ్వాసం సడలుతున్నదని కలతపడి భార్య ఎమ్మా రాసిన ఉత్తరాన్ని ఆయన జీవితాంతం దాచుకున్నారు. దాన్ని ఎన్నోసార్లు ముద్దాడి కన్నీరు పెట్టుకున్నానని ఆ కాగితం మీదే రాసుకున్నారు. 1851లో 10 ఏళ్ల కూతురు ఆనీ మాల్వర్న్‌లో కన్నుమూసిన దుఃఖాన్ని (వ్యాసంలో దీని ప్రస్తావనే లేదు) పక్కనపెట్టి ఆయన సందేహాలను అర్థం చేసుకోలేము. 1882లో ఆయనను ఖననం చేసింది వెస్ట్‌మిన్‌స్టర్ ఆబే అనే చర్చిలోనే, న్యూటన్ సమాధికి సమీపంలో.