ఆ డబ్బా ఎవరిని చూస్తోంది?

కాళేశ్వరం వంతెన దాటితే సిరొంచ. రాష్ట్రం మహారాష్ట్ర, జిల్లా గడ్చిరోలి, చాలా ఇళ్లలో మాట మాత్రం తెలుగే. అక్కడి టేకు అడవిలో మోకాలెత్తున చెట్లకు కట్టిన పెట్టెలు కనిపిస్తుంటాయి. పులుల లెక్క కోసం, ముందు నుంచి ఏది కదిలినా వాటంతటవే ఫొటో తీసే కెమెరాలవి. ఒకసారి వాటిలో ఒకదాన్ని చూపిస్తూ ఓ పెద్దాయన నన్నడిగాడు: "గా డబ్బా పులిని చూస్తదా, మమ్మల్ని చూస్తదా?" కెమెరాలు దొంగలపాలు కాకుండా ఎలా కాపాడాలన్న చర్చ ఎక్కడ జరిగినా తాళాలు, ఇనుప తీగలతో మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆయన ప్రశ్న దాకా రాదు.

కెమెరా పోవడమంటే వేల రూపాయల సామాను పోవడమే కాదు. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండు పులులకూ ఒకేలా ఉండవు. అంతేకాదు, ఒకే పులికి కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్క చారలు వేరు. అందుకే బాటకు అటొకటి, ఇటొకటి కెమెరా కడతారు. జతలో ఒకటి మాయమైతే మిగిలినదానికి ఒక పక్కే దొరుకుతుంది. ఈ చోట కుడి పక్క చిక్కిన పులి, మరో చోట ఎడమ పక్క చిక్కిన పులి ఒకటేనా, రెండా? తేల్చడం కష్టం. పోయింది ఒక్క పెట్టే అయినా ఆ చోట లెక్క కుంటుపడుతుంది. అందులోని మెమరీ కార్డు పోతే అన్ని రోజుల ఫొటోలూ గల్లంతే. కెమెరాకు ఎంత పెద్ద తాళం వేసినా వారాల తరబడి కార్డు మార్చకపోతే ప్రయోజనం లేదని నేననేది అందుకే.

కనిపించని ప్రతి కెమెరానూ దొంగల ఖాతాలో వేయడమూ సరికాదు. ఎలుగుబంట్లు పీకుతాయి. 2021 నుంచి గడ్చిరోలిలో తిరుగుతున్న ఏనుగులకు పెట్టె విరగ్గొట్టడం ఓ లెక్క కాదు. వేసవి కార్చిచ్చుల్లో కాలిపోయేవీ ఉంటాయి.

ఇక మనుషుల సంగతి. అమ్ముకోవడానికి ఎత్తుకెళ్లేవాడితో పెద్ద చిక్కు లేదు. పాస్‌వర్డ్ పెట్టే వీలున్న కెమెరా వాడికి ఉత్త డబ్బా. సీరియల్ నంబరు రాసి పెట్టుకుంటే పోలీసు ఫిర్యాదుకు పనికొస్తుంది. అసలు చిక్కు వేటగాడితో. అడవి పంది కోసం కరెంటు తీగ పరిచేవాడు, ఉచ్చు పన్నేవాడు కెమెరాను చూసి సామాను అనుకోడు, సాక్షి అనుకుంటాడు. తాళం పగలకపోతే పెట్టెనే రాయితో కొడతాడు. వాడికి విరుగుడు తాళం కాదు, వాడు చూడని రెండో కన్ను. పది అడుగుల ఎత్తున, కిందికి వంచి, రాత్రి వెలుగు కనిపించని పరారుణ కెమెరా కట్టాలి. చారలు స్పష్టంగా రావాలంటే కింది కెమెరాకు తెల్ల ఫ్లాష్ మేలు, కానీ ఆ వెలుగే "నేనిక్కడున్నా" అని చాటింపు వేస్తుంది. పైగా మనది ఆకు రాల్చే అడవి. డిసెంబరులో టేకాకు చాటున దాగిన పెట్టె మార్చి నాటికి బోడి కొమ్మల మధ్య బయటపడుతుంది. ఫొటోను అప్పటికప్పుడు ఫోనుకు పంపే చిన్న కెమెరాలను ఒడిశాలోని సిమిలిపాల్‌లో వేటగాళ్లపై వాడుతున్నారు. మన వైపు లోపలి అడవుల్లో సిగ్నలే సరిగా ఉండదు.

ఈ ఇద్దరూ కాని మూడోవాడు ఉన్నాడు, తన వాళ్ల ఫొటో పడుతుందని కెమెరా విరగ్గొట్టే ఊరివాడు. నా మటుకు అతణ్ని దొంగ అనడానికి నోరు రాదు. 2022 పులుల గణనలో దేశమంతటా 32,588 చోట్ల పెట్టిన కెమెరాలకు 4 కోట్ల 70 లక్షలకు పైగా ఫొటోలు వచ్చాయి. అందులో పులి ఉన్నవి 97,399. మిగతావాటిలో జింకలు, పశువులతో పాటు కట్టెలకూ ఇప్పపూలకూ వెళ్లే మనుషులూ ఉంటారు. ఇంట్లో మరుగుదొడ్డి లేని ఆడవాళ్లకు అడవే చాటు. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ దగ్గర ఒక మహిళ బహిర్భూమికి వెళ్లినప్పటి ఫొటో కెమెరాలో పడి వాట్సాప్‌లో తిరిగింది. కోపంతో ఊరివాళ్లు కెమెరాలు విరగ్గొట్టారు. 2024లో వెలువడిన కేంబ్రిడ్జ్ పరిశోధకుల అధ్యయనం ఈ సంగతి బయటపెట్టింది. ఆ ఊరివాళ్ల మీద దొంగతనం కేసు పెడితే సరిపోతుందా? నక్సల్స్, పోలీసుల మధ్య ఏళ్ల తరబడి నలిగిన గడ్చిరోలి పల్లెల్లో చెట్టుకు కట్టిన కన్ను మీద అనుమానం ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

విచిత్రమేమిటంటే, దీనికి మందు ఈ జిల్లాలోనే ఉంది. సామూహిక అటవీ హక్కులు దేశంలో ముందుగా పొందిన ఊళ్లలో ఒకటైన మెండా-లేఖా గడ్చిరోలిదే. అది 2009 నాటి మాట. అడవి మీద గ్రామసభకు హక్కున్నప్పుడు, ఆ అడవిలో కెమెరా కట్టే ముందు గ్రామసభలో ఒక మాట చెప్పడానికి అడ్డేమిటి? ఎక్కడ కడుతున్నారు, మనుషుల ఫొటోలు ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది ఊరికి తెలియాలి. చెట్టుకు మరాఠీ కాగితం అంటిస్తే సిరొంచ వైపు ముసలమ్మలకు ఏం అర్థమవుతుంది? తెలుగులో, గోండిలో చాటింపు వేయించాలి. కార్డులు మార్చే పని ఆ ఊరి కుర్రాళ్లకే ఇవ్వాలి.

చోటు చెబితే వేటగాడికి తెలిసిపోతుందని అధికారులు అనవచ్చు. వాడికి ఎప్పుడో తెలుసు, వాడు నడిచే బాటే అది. దాచాల్సింది పై కెమెరా ఒక్కటే. కింది కెమెరాలను తునికాకు కోతకు ఊరంతా అడవిలోకి దిగే ముందే విప్పేస్తే, మే నెలంతా వాటికి కాపలా కాయాల్సిన పనే ఉండదు.