స్విచ్‌లో పెట్టినంత మాత్రాన కెమెరా బీఎంఎస్‌తో కలవదు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగు ఎలక్ట్రీషియన్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "డబ్బా మీద ఆన్‌విఫ్ అని ఉంటే చాలు. కెమెరాను బిల్డింగ్ నెట్‌వర్క్ స్విచ్‌లో పెట్టండి, ఏసీ, లైట్లు, ఫైర్ అలారం వాటంతట అవే కలుస్తాయి. పాస్‌వర్డ్ తర్వాత మార్చుకోవచ్చు" అని. రాయగడలో కెమెరాలను బీఎంఎస్‌తో, అంటే భవనంలోని ఏసీ, లైట్లు, అలారాలను ఒకే చోటి నుంచి నడిపే సిస్టమ్‌తో, కలిపే పని చేసుకుని బతుకుతున్నాను. దీన్ని నమ్మి నర్సింగ్ హోములవాళ్లు కూడా డబ్బు పెడుతున్నారు, అందుకే రాస్తున్నాను.

ముందు ఆన్‌విఫ్ సంగతి. అది నెట్‌వర్క్ కెమెరాలకు ఒక ఉమ్మడి భాష లాంటిది. 2008లో యాక్సిస్, బాష్, సోనీ కలిసి దీన్ని మొదలుపెట్టాయి. ఒక కంపెనీ కెమెరా ఇంకో కంపెనీ రికార్డర్‌తో పనిచేయాలన్నది ఉద్దేశం. ఏసీ ప్లాంటు కంట్రోలర్లకు మాత్రం మామూలుగా తెలిసింది బ్యాక్‌నెట్ లేదా మోడ్‌బస్ అనే వేరే భాషలు. మా సంతలో కువి భాష ఒక్కటే వచ్చిన రైతుకూ తెలుగు ఒక్కటే వచ్చిన షావుకారుకూ బేరం కుదరాలంటే మధ్యలో రెండూ వచ్చిన మనిషి నిలబడాలి. ఇక్కడ ఆ మనిషి వీడియో సాఫ్ట్‌వేర్ లేదా గేట్‌వే (ఒక భాషను ఇంకో భాషలోకి మార్చే పెట్టె). అలాంటిది మధ్యలో లేకుండా ఇవి వాటంతట అవే కలవవు.

పైగా ఆన్‌విఫ్‌లో ప్రొఫైళ్లు వేరు. ఎస్ మామూలు వీడియోకి, టీ హెచ్.265 లాంటి కొత్త వీడియోకి, ఎం అయితే వచ్చింది మనిషా, బండా అనే వివరాలు పంపడానికి. డబ్బా మీది అక్షరాలు నమ్మొద్దు, ఆన్‌విఫ్ సైటులో ఆ మోడల్ నంబరు వెతకండి. ఆ తర్వాత ఏ కెమెరా కబురుకు ఏ లైటు వెలగాలి, ఏ ఫ్యాను తిరగాలి అన్నది ఒక్కొక్కటీ కాగితం మీద రాసి, బీఎంఎస్ వాళ్లతో సంతకం పెట్టించుకోండి. అసలు పని ఇదే. ఆ పట్టిక లేని చోట గొడవ లేకుండా ముగిసిన పని నేను చూడలేదు.

అన్నీ ఒకే స్విచ్‌లో పెట్టొచ్చా? లెక్క వేయండి. ఒక్కో కెమెరా 4 ఎంబీపీఎస్ (సెకనుకు 4 మెగాబిట్లు) పంపుతుంది అనుకుంటే 40 కెమెరాలకు 160. అంతస్తుల మధ్య లింకు 100 అయితే కెమెరాలతో పాటు చిల్లర్ (ఏసీ ప్లాంటులో నీళ్లు చల్లబరిచే యంత్రం) రీడింగులూ ఆగిపోవచ్చు. అందుకే లింకు ఆ లెక్కకు సరిపోయేది వేయండి, కెమెరాలకు వేరే వీల్యాన్, అంటే అదే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్, ఇవ్వండి. వీల్యాన్ ఒక్కటే లింకును పెద్దది చేయదు.

పాస్‌వర్డ్ తర్వాత మార్చుకోవచ్చన్న మాటే నాకు ఎక్కువ భయం పుట్టిస్తుంది. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లో, రికార్డర్లలో దూరి, వాటితోనే అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను ఆపేసింది. మామూలు మోడ్‌బస్‌కు అసలు పాస్‌వర్డే లేదు. అంటే కెమెరా దొంగ చేతికి చిక్కితే, అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఏసీ ప్లాంటు కూడా చిక్కినట్టే.

ఫైర్ అలారం మోగితే అక్కడి కెమెరా దృశ్యం తెర మీదికి రావడం మంచిదే. కానీ తలుపుల తాళాలు వదిలే పని ఫైర్ ప్యానెల్ నుంచి నేరుగా వచ్చే వైరుదే. దాన్ని కెమెరా మీద వదిలేస్తే ప్రాణాలు పోతాయి.

మెసేజ్‌లో లేనిది ఇంకొకటి, గడియారం. ఒక లాడ్జిలో రాత్రి చిల్లర్ ఆగింది. బీఎంఎస్ టైము, కెమెరా టైము 11 నిమిషాలు తేడా. ప్లాంటు రూములోకి ఎవరు వెళ్లారో తేల్చడానికి రెండు రోజులు పట్టింది, ఈలోపు ఏ తప్పూ లేని వాచ్‌మన్‌ను అందరూ అనుమానించారు. అప్పటి నుంచి కేబుల్ లాగకముందే రెండు సిస్టమ్‌లకూ ఒకే ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారం సరిచేసే సర్వర్) అడ్రసు అడిగి రాసుకుంటున్నాను.