మా స్పిన్నింగ్ మిల్లులో క్లింకర్ కూలర్ ఎక్కడుందో చెప్పండి

ఆదోని దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో పంతొమ్మిదేళ్లుగా ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. నాలుగేళ్ల కిందట మాకొచ్చిన ఎనర్జీ ఆడిట్ (కరెంటు ఎక్కడ వృథా అవుతుందో చూసే తనిఖీ) రిపోర్టులో 61వ పేజీ తిప్పితే, "క్లింకర్ కూలర్ ఫ్యాన్లకు వీఎఫ్‌డీలు అమర్చుకుంటే విద్యుత్ ఆదా అవుతుంది" అని ఉంది. వీఎఫ్‌డీ అంటే మోటారు స్పీడును అవసరం మేరకు మార్చే పరికరం. క్లింకర్ అంటే సిమెంటు ఫ్యాక్టరీలో కిల్న్‌లో (బట్టీలో) కాలి బయటికొచ్చే గడ్డలు, కూలర్ వాటిని చల్లార్చేది. మేం తీసేది నూలు. ఎవరో సిమెంటోళ్లకు రాసిన రిపోర్టులో పేరు మార్చి మాకు అంటగట్టారు. ఆ పేరు కూడా అన్ని పేజీల్లో మార్చలేదు.

మా సేటు చూసి నవ్వేసి చెక్కు మీద సంతకం పెట్టాడు. నాకు నవ్వు రాలేదు. ఆడిట్‌కు వచ్చిన ఇద్దరూ రెండు రోజులు ఆఫీసు రూములో ఏసీ కింద కూర్చుని, మోటార్ల లిస్టు నాతోనే రాయించుకున్నారు. నూట నలభై మోటార్ల నేమ్‌ప్లేట్లు (మోటారు సామర్థ్యం రాసి ఉండే రేకులు) తుడిచి, టార్చి వేసి చూసి రాసిచ్చాను. తీరా రిపోర్టులో ఆ నేమ్‌ప్లేట్ అంకెలనే "వినియోగం" అని వేసేశారు. నేమ్‌ప్లేట్ మీద 22 కిలోవాట్లు ఉంటే మోటారు 22 లాగుతుందని మొన్న చేరిన ఐటీఐ పిల్లోడు కూడా అనడు. లోడు సగమే ఉంటే దాదాపు సగమే లాగుతుంది. ఎంత లాగుతోందో తెలియాలంటే మీటరు పెట్టాలి. మీటరు పెట్టని ఆడిట్ జాతకం చెప్పడంతో సమానం. జాతకం చెప్పేవాడైనా చెయ్యి పట్టుకుని చూస్తాడు.

చట్టం లేక కాదు ఈ గోల. 2001లోనే ఇంధన పొదుపు చట్టం వచ్చింది, 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పెట్టారు. పెద్ద వాడకందారులు ఆ బ్యూరో గుర్తింపు ఉన్న ఆడిటర్‌తో ఆడిట్ చేయించుకోవాల్సిందే. సిమెంటుకైతే ఏడాదికి 30,000 టన్నుల చమురుకు సమానమైన ఇంధనం దాటితే ఆ లెక్కలోకి వస్తారు, టెక్స్‌టైల్స్‌కు 3,000 టన్నులు. కరెంటు యూనిట్లలోకి మారిస్తే 3,000 టన్నులంటే దాదాపు మూడున్నర కోట్ల యూనిట్లు. మాలాంటి మధ్యరకం మిల్లు అంత వాడదు. ఆదోని జిన్నింగ్ మిల్లులు, బేతంచెర్ల, తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లు, కర్నూలులో కోల్డ్ స్టోరేజీలు, ప్రైవేటు ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్లు కూడా అంతే. అడిగేవాడు లేడు కాబట్టి ఎవరు ఏం రాసిచ్చినా చెల్లిపోతోంది.

ఇంకొక రకం ఉన్నారు, ఫ్రీ ఆడిట్ వాళ్లు. పోయినేడు ఒకాయన టై కట్టుకుని వచ్చాడు. ప్యానెల్ తలుపు తీసి, ఒక ఫేజుకు క్లాంప్ మీటరు తగిలించి, ఇరవై నిమిషాల్లో తేల్చేశాడు, మా మిల్లుకు వాళ్ల కెపాసిటర్ ప్యానెల్ అర్జెంటుగా కావాలని. మాకు హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లు కేవీఏహెచ్ మీద వస్తుంది, అంటే పనికి రాకుండా తిరిగే కరెంటుకూ లెక్క పడుతుంది కాబట్టి, పవర్ ఫ్యాక్టర్‌ను (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) కంటికి రెప్పలా చూసుకుంటాం. ఆ నెల బిల్లులో 0.99 ఉంది. అది 1 దాటదు, కెపాసిటర్లు పెంచేది దాన్నే. బిల్లు చూపించాను. "అయినా ఫ్యూచర్‌లో అవసరం పడుతుంది సార్" అన్నాడు. అమ్ముకోవడం తప్పని నేననను. అమ్మకానికి వచ్చినోడు ఆడిటర్ అని కార్డు కొట్టించుకోవడమే తప్పు. రోగం కనిపెట్టేవాడికీ మందులషాపుకీ ఒకే గల్లాపెట్టె ఉంటే రోగం లేనోడు ఎవడూ బయటికి రాడు.

మరి అసలు ఆడిట్ ఎలా ఉంటుందంటారా. రెండేళ్ల కిందట చూశాను. ప్రొద్దుటూరు వైపు ఆయన, అమ్మేది ఏమీ లేదు, ఫీజు మాత్రం ముందే గట్టిగా చెప్పాడు. మొదట ఇరవై నాలుగు నెలల బిల్లులు తెప్పించుకున్నాడు. మా కాంట్రాక్ట్ డిమాండ్, అంటే ఒకేసారి వాడుకుంటామని కరెంటు కంపెనీతో రాసుకున్న గరిష్ఠ లోడు, 1,000 కేవీఏ, వాడకం ఎప్పుడూ 650 దాటలేదు. మన దగ్గర నమోదైన డిమాండ్, లేదా కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతం, ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి. అంటే వాడకపోయినా నెలకు కనీసం 150 కేవీఏకు ఊరికే కడుతున్నాం. ఇది కనిపెట్టడానికి ఏ మిషనూ అక్కర్లేదు, బిల్లు చదివితే చాలు. క్లింకర్ కూలర్ బ్యాచ్ అది కూడా చదవలేదు. ఈయన మాత్రం చూసిన వెంటనే తగ్గించమనలేదు. కొత్త రింగ్ ఫ్రేములు (నూలు వడికే మిషన్లు) కొనే ఆలోచన ఏమైనా ఉందా అని సేటును అడిగాకే రాశాడు.

తర్వాత మిల్లులోకి కరెంటు వచ్చే మెయిన్ ఇన్‌కమర్‌కు, వాడకాన్ని రికార్డు చేసే పవర్ ఎనలైజర్ తగిలించి వారం రోజులు వదిలేశాడు. రాత్రి రెండు గంటలకు షెడ్డులో తిరిగాడు, నైట్ షిఫ్టు పిల్లోళ్లు దెయ్యమనుకున్నారు. షెడ్డులో తేమ నిలిపే హ్యుమిడిఫికేషన్ ఫ్యాన్ల డ్యాంపర్లు (గాలిని అడ్డుకునే రెక్కలు) సగం మూసి, మోటార్లు మాత్రం ఫుల్ స్పీడులో తిప్పుతున్నాం, ఎద్దులను తోలుతూ బండి చక్రానికి మొద్దు అడ్డం పెట్టినట్టు. డ్యాంపర్ తెరిచి స్పీడు 20 శాతం తగ్గిస్తే ఫ్యాను తీసుకునే కరెంటు దాదాపు సగానికి పడుతుందని కాగితం మీద లెక్క వేసి చూపించాడు.

ఇంతా చేసి ఒక రోజు, "మీ మిల్లు పూర్తిగా ఎప్పుడు ఆగుతుంది?" అన్నాడు. ఉగాదికి అన్నాను. "అయితే పండగ రోజే వస్తాను" అన్నాడు. మా ఆవిడ ఎంత తిట్టిందో ఇక్కడ రాయలేను.

వచ్చాడు. సెక్యూరిటీ రూములో ఉగాది పచ్చడి తిని, మిషన్లకు ఒత్తిడి గాలి పంపే కంప్రెసర్ ఒక్కటే ఆన్ చేయించాడు. గాలి వాడే మిషన్ ఒక్కటీ నడవడం లేదు. లైను నిండాక కంప్రెసర్ అన్‌లోడ్‌లోకి (గాలి నింపకుండా ఊరికే తిరగడం) వెళ్లి అలాగే ఉండిపోవాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి నిలబడ్డాం. 70 సెకన్లకే మళ్లీ లోడ్ తీసుకుంది. 50 సెకన్లు లోడ్, మళ్లీ 70 అన్‌లోడ్. పది సార్లు చూశాం, ఒకట్రెండు సెకన్లు అటూఇటూ అంతే. 50ని 120తో భాగించమన్నాడు. నూటికి 42 వచ్చింది. అంటే ఒక్క పోగు నూలు తీయకుండానే కంప్రెసర్ ఇచ్చే గాలిలో అంత భాగం లీకుల పాలవుతోంది. ఇన్నేళ్ల సర్వీసు, నా తల ఎక్కడ పెట్టుకోవాలి?

సబ్బు నీళ్ల డబ్బా పట్టుకుని లైనంతా తిరిగాం. ప్రతి జాయింట్ దగ్గరా బుడగలే. నూలును కోన్లకు చుట్టే ఆటోకోనర్ సెక్షన్‌లో అడుగు పెడితే "స్స్" అని శబ్దం. కిటికీ ఊచకు గుడ్డపేలికతో కట్టిన సన్న హోస్ ఒకటి, కింద ఖాళీ స్టూలు. ఎండకు తట్టుకోలేక పిల్లోళ్లు కంప్రెసర్ గాలిని ఫ్యానులా పెట్టుకుని, వాల్వు కట్టేయకుండా పండక్కి వెళ్లిపోయారు. ఏడు కేజీల ప్రెషర్‌లో 3 మిల్లీమీటర్ల సందు ఉంటే మూడు కిలోవాట్లకు పైనే పోతుంది. రోజంతా వదిలితే 72 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా రోజుకు ఐదు వందలు.

నేను వాళ్ల పేర్లు చెప్పబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. థర్మామీటరు తీసి ఆ స్టూలు దగ్గర టెంపరేచర్ రాసుకున్నాడు. రిపోర్టులో "సిబ్బంది నిర్లక్ష్యం" అని లేదు. "ఆటోకోనర్ సెక్షన్‌లో రెండు పెడెస్టల్ ఫ్యాన్లు అవసరం" అని ఉంది. ఆడిటర్ అంటే నా దృష్టిలో ఆయనే.

సరే, ఆయన్ను మళ్లీ పిలుద్దామంటే ఈసారి సేటు మూడు కొటేషన్లు తెప్పించాడు. ఈయన ముగ్గురు మనుషులు, ఆరు రోజులు అని రెండున్నర లక్షలు రాశాడు. ఇంకొకరు నలభై వేలు. "ఏమప్పా, రిపోర్టు రిపోర్టేగా" అన్నాడు సేటు. నలభై వేలకు ఉగాది రోజు ఎవరూ రారు. క్లింకర్ కూలర్లు వస్తాయి. గొంతు దాకా వచ్చింది, జీతం గుర్తొచ్చి మింగేశాను.

జాయింట్లన్నీ మేమే టైట్ చేసుకున్నాం, డిమాండ్ తగ్గించడానికి దరఖాస్తు పెట్టాం. ఆ రెండు పెడెస్టల్ ఫ్యాన్లు కొనమని పెట్టిన ఇండెంట్ మాత్రం ఇప్పటికీ అకౌంట్స్ సెక్షన్‌లోనే ఉంది. నిన్న మధ్యాహ్నం ఆటోకోనర్ వైపు వెళ్తే మళ్లీ "స్స్" అని వినిపించింది. "అన్నా, ఒక్క పది నిమిషాలు" అన్నాడు పిల్లోడు, చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది. విననట్టు వచ్చేశాను.